వానకాలపు బండ

దేవవ్వ సంచి నేనే సర్దాను. పాత రెగ్జిన్ సంచి, జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోతుంది. అడుగున రెండు చీరలు, వాటి మీద పసిపిల్లను చుట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడ్డ ధోవతి ముక్కలు, ఒక మూలకు వాము పొట్లం, శొంఠి కొమ్ములు. బట్టలు మడవడం మా చాకలి ఇండ్లలో అన్నం తినడమంత అలవాటు. అయినా ఆ శుక్రవారం పొద్దున ఒకే చీరను మూడుసార్లు విప్పి మూడుసార్లు మడిచాను.

"ఏందక్కా, సంచి సర్దుతున్నవా, బస్సు పోయెదాంక నన్ను ఆపుతున్నవా?" అని దేవవ్వ నవ్వింది.

దేవవ్వ నా చెల్లె. నాకన్న ఆరేండ్లు చిన్న. దాని బిడ్డ కళకు ఎల్లారెడ్డిలో నెలలు నిండాయి. ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదు. అక్కడి డాక్టరమ్మ కదలొద్దన్నదని పిల్లను పుట్టింటికి పంపలేదు, తల్లినే రమ్మని కబురు పెట్టారు. పదకొండు గంటలకు లింగంపేట మీదుగా పోయే బస్సు ఉంది.

చెల్లె నవ్వితే నేనూ నవ్వాలి. నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ఇప్పటిదాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాలి.

కామారెడ్డి నడుమ నుంచి పోయే మా గుండ్లవాగు ఇరవై ఏండ్లుగా మురికికాలువ అయిపోయి ఉండేది. 2013 ఎండాకాలంలో దాన్ని బాగుచేసే పని మొదలైంది. చెత్త ఎత్తిపోసి, గుర్రపుడెక్క పీకేసి, వాగుకు దాని పాత వెడల్పు తిరిగి ఇవ్వాలి. రెండు ఒడ్లకూ గడ్డి, చెట్లు పెంచి, జనం నడవడానికి బాట వెయ్యాలి. కాని పాత వెడల్పు ఎంతో చూపించే నక్షా ఎక్కడా దొరకలేదు. రేవులో బట్టలుతికే బండలు ఎక్కడెక్కడ ఉండేవో చూపిస్తే చాలన్నారు. అది గుర్తున్నదాన్ని, పంచనామా చదివి సంతకం పెట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇస్త్రీ బట్టలకు చుట్టే పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు అట్లా పనికొచ్చింది. నేను ముందు నడిచాను, సున్నం డబ్బా పట్టుకున్న మనిషి నా వెనక నడిచాడు. ఆ సున్నపు గీతకు లోపల పడ్డ ఇరవై ఒక్క ఇండ్లకు తాడ్వాయి రోడ్డు మీద జాగాలిచ్చి పంపారు. దేవవ్వ ఇల్లు గీతకు పదిహేను అడుగుల బయట ఉండి మిగిలింది.

జనానికి అనుమానం రాకుండా ఉంటుందా? మా పాత పొరుగింటి ఈరవ్వ బీడీలు అప్పజెప్పడానికి తాడ్వాయి రోడ్డు నుంచి వారానికి రెండుసార్లు టౌనుకు వస్తుంది. ముందు రోజు వచ్చి హన్మండ్లు ఇస్త్రీ బండి దగ్గర నిలబడింది. హన్మండ్లు దేవవ్వ పెనిమిటి. నలుగురు గిరాకీలు ఉన్నప్పుడే నన్ను చూసి అన్నది.

"భూదక్కా, మా ఇండ్ల మీదికైతె వాగు ఉరికొచ్చింది. మీ చెల్లె ఇంటికాడికి రాంగనే సిగ్గువడి పక్కకు జరిగినట్టున్నది."

అందరూ నవ్వారు. హన్మండ్లు కూడా నవ్వాడు, కాని ఇస్త్రీపెట్టె మూత తీసి బొగ్గుల్లోకి చూసుకుంటూ.

పోయినసారి నేను చెప్పిన కథ అక్కడికి ఆగింది.

దేవవ్వ వంటింటి కిటికీ వాగు వైపు తెరుచుకుంటుంది. ఇరవై ఏండ్లు ఆ కిటికీకి గోనెపట్ట కట్టి ఉంచింది, కంపు పడలేక. ఈ రెండు నెలల నుంచే దాన్ని విప్పింది. ఆ పొద్దున నన్ను భుజం పట్టి కిటికీ దగ్గరికి లాక్కుపోయి చూపించింది. తీసేసిన కరెంటు స్తంభం మొదలు మీద లకుముకిపిట్ట కూర్చుని ఉంది. కింద నీళ్లు సన్నగా, కాని నీళ్ల రంగులోనే పోతున్నాయి. మా అవ్వ బతికి ఉన్నప్పుడు చూసినట్టు ఇసుక కనబడింది. "గిట్ల మళ్ల చూస్తననుకోలే అక్కా. నీ పుణ్యమే" అన్నది. నేను సంచి దగ్గరికి తిరిగి వచ్చాను.

అప్పుడే పెరటి వైపు నుంచి సాయిలత పిలిచింది. సాయిలత వాగు పని చూసే ఇంజనీరు. ఇరవై ఆరేండ్ల పిల్ల, నిజామాబాదు నుంచి వచ్చి టౌనులో గది తీసుకుని ఉంటుంది. బట్టలు హన్మండ్లుకే వేస్తుంది. మోకాళ్ల దాకా బురద బూట్లతో నిలబడి, ఒక్కసారి వెనకకు రమ్మన్నది.

వంటింటి గోడ పక్కన వట్టివేళ్లు నాటడానికి పొద్దున చిన్న కాలువ తవ్వించారట. ఆ కాలువలో బండ ఒకటి తేలింది. సగం బయటికి, సగం గోడ కింద. సాయిలత చెంబుతో నీళ్లు పోసి మట్టి కడిగింది. నడుమ గుంట పడి, అరచెయ్యిలా నున్నగా ఉన్న బండ. ఒక అంచున ఉలితో చెక్కిన గుర్తు కనబడింది. మూడు చుక్కలు, వాటి కింద కొడవలి వంపులో ఒక గీత.

ఆ పిల్ల తన చున్నీ కొస తిప్పి నాకు చూపించింది. అక్కడ నల్లజీడి రసంతో పెట్టిన చిన్న గుర్తు. మూడు చుక్కలు, కింద వంపు గీత. ఎవరి బట్టలు ఎవరు ఉతికారో తెలియడానికి ప్రతి చాకలి ఇల్లూ బట్ట కొసకు పెట్టుకునే గుర్తు అది. మా మామ నుంచి నా పెనిమిటికి, ఆయన నుంచి తమ్ముడైన హన్మండ్లుకు వచ్చింది. మా బండ మీదా అదే చెక్కుకునేవాళ్లం.

"అవ్వా, ఇది మీ ఇంటి బండ. ఇంత మీదికెందుకున్నది?"

నేను చెప్పలేదు. మీకు చెబుతాను. మా రేవులో బండలు రెండు వరసలు. పైవరస వానకాలపు బండలు. పెద్దవి, లోతుగా పాతినవి, తరాలు మారినా కదలనివి. వానలు పడితే వాగు వచ్చి వాటి కాళ్ల దగ్గర నిలబడేది. దసరా దాటి నీళ్లు తగ్గినాక, మొయ్యగలిగిన చిన్న బండలను కావడితో కిందికి దించి నీళ్ల అంచున వేసుకునేవాళ్లం. అది ఎండకాలపు వరస. సున్నం డబ్బా మనిషికి అందరి ఇండ్ల దగ్గరా నేను పైవరసే చూపించాను. దేవవ్వ పెరట్లోకి వచ్చేసరికి నా కాళ్లు ఎనిమిది అంగలు కిందికి నడిచాయి. అక్కడ కాలు ఆనించి, ఇదే అన్నాను.

నా పెనిమిటి మైసన్న భీవండి పోయిన రోజున ఆయన సంచి కూడా నేనే సర్దాను. అది జరిగి ముప్పై రెండేండ్లు, ఆయన మళ్లీ రాలేదు. నాకు పిల్లలు లేరు. దేవవ్వ కూడా తాడ్వాయి రోడ్డుకు పోతే ఈ గల్లీలో నన్ను అక్కా అని పిలిచే గొంతు ఉండదు. ఆ ఎనిమిది అంగలకు కారణం ఇంతే. చెల్లె మీద ప్రేమ అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

సాయిలత కోపం చేసి ఉంటే బాగుండేది. చేయలేదు. కాలువ గట్టు మీద కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. పైన వాగును వెడల్పు చేశారు, చెత్త తీశారు. ఇప్పుడు నీళ్లు ఇంతకు ముందులా ఆగి ఆగి రావు, ఒక్కసారే వస్తాయి. వచ్చిన నీళ్లన్నీ ఈ ఇంటి దగ్గర గీత కిందికి జరగడంతో సన్నబడ్డ గొంతులోంచి దూరాలి. దూరలేని నీళ్లు ఎగిసి ఈ గోడ మీదికే వస్తాయి. తాము ఎంత బాగా పని చేస్తే ఈ ఇంటికి అంత ముప్పు.

"వాగుకు నీళ్లొక్కటే కాదవ్వా, పండుకునేటందుకు జాగ కూడ కావాలె. మీరు చూపిన గీత సరైందేనని నేను దస్కత్ పెట్టిన. ఇప్పుడు నాకు నిద్ర పడ్తలేదు."

కొత్త జాగాల రెండో జాబితా సోమవారం పోతుందట. నేను మళ్లీ పంచనామా ఇస్తే ఈ ఇల్లు అందులో ఎక్కుతుంది, వారంలో ఖాళీ చేయించి పడగొడతారు, తాడ్వాయి రోడ్డు మీద జాగా ఇస్తారు. బండ దొరికినంత మాత్రాన చాలదట. ఎవరో ఈడ్చుకొచ్చి వేశారని కూడా అనొచ్చు. చూసినవాళ్లు చెప్పాలి.

వంటింట్లో దేవవ్వ చింతపండు పొట్లం కడుతున్న చప్పుడు వినబడుతోంది.

మా ఇండ్లలో ఒక పట్టింపు ఉంది. బిడ్డ పురిటికి తల్లి పోతే, ఆమె తిరిగి వచ్చేదాకా ఆమె పొయ్యి ఆరకూడదు, కదలకూడదు. రెండు పూటలా ఎవరో ఒకరు నిప్పు వెయ్యాలి. లేకుంటే పుట్టిన పిల్ల నిలవదంటారు. కళ రెండో కాన్పుకు దేవవ్వ పోయినప్పుడు, ఆమె వచ్చేసరికి ముచ్చటగా ఉంటుందని హన్మండ్లు పాత పొయ్యి పీకేసి కొత్తది వేశాడు. ఆ పిల్ల తొమ్మిది రోజులు బతికింది. దేవవ్వ పెనిమిటిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు కుమ్ములో నిప్పులా మిగిలింది.

ఆ పట్టింపు ఆ పొద్దున నాకు ఎంత చక్కగా అక్కరకొచ్చిందో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

"పురుడు ఎల్లేదాక ఇరవై ఒక్క రోజులు ఆగు బిడ్డా. మా చెల్లె వచ్చినంక అంత చెప్త. ఇప్పుడు ఈ పొయ్యి కదలొద్దు" అన్నాను.

"వాన ఆగుతదా అవ్వా?"

నేను బండ వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల లేచి, తన ఫైలులోంచి ఒక తెల్లకాగితం తీసి నా చేతిలో పెట్టింది. "మీకు రాయొస్తది. మీ చేత్తోనే రాయుండ్రి. సోమవారం ఆఫీసు మూసేలోపల" అని కాలువ దాటి వెళ్లిపోయింది.

బస్టాండుకు నేనూ హన్మండ్లూ ఇద్దరం పోయాం. దేవవ్వకు కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలేదాకా ఒకటే అప్పగింతలు. ఆయన పొద్దున చాయ్ తాగకముందే బీడీ ముట్టిస్తాడు, చూడాలి. కోడికి నూకలు వెయ్యాలి. కిటికీ మూయొద్దు, పిట్ట వస్తుంది. బస్సు కదిలినాక తల బయటికి పెట్టి, "పొయ్యి పైలం అక్కా" అన్నది. నేను చెయ్యి ఊపాను.

తిరిగి వస్తుంటే హన్మండ్లు బీడీ ముట్టించాడు. స్టేషను దాటినాక అన్నాడు.

"ఆ బండ మీద గోడ కట్టింది నేనే వదినె. గుర్తు చూసే కట్టిన. గట్టి పునాది దొరికిందని సంబురపడ్డ."

నా కాళ్లు ఆగిపోయాయి.

"నువ్వు సున్నపోని ముందల కిందికి నడుస్తుంటె లెక్కవెట్టిన. ఎనిమిది అంగలు."

"ఎరుకుండి ఎందుకు ఊకున్నవ్?"

"నువ్వు ఎరుకుండి ఎందుకు నడిసినవ్?"

ఆయనే ముందు నవ్వాడు. తాడ్వాయి రోడ్డు మీద తనకు ఇస్త్రీకి బట్టలెవరిస్తారని, అక్కడి బర్రెలకు చొక్కాలు తొడిగి ఇస్త్రీ చెయ్యాలా అని అన్నాడు. నవ్వు ఆగినాక, దేవవ్వ వచ్చేదాకా ఈ మాట ఎత్తొద్దన్నాడు. పోయినసారి పొయ్యి కదిలించిన చేతులతో ఈసారి మళ్లీ కదిలించలేనన్నాడు. ఇరవై ఒక్క రోజులే గదా అన్నాడు. నేను సరే అన్నాను. ఆ సరే అన్నప్పుడు నా గుండె ఎంత తేలికైందో, ఆ తేలికకే ఇప్పటికీ తల దించుకుంటాను.

అయినా మధ్యాహ్నం కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో అక్షరం పెట్టాను. రెండు వరసలు, దసరా, కావడి, ఎనిమిది అంగలు, అన్నీ రాశాను. "ఇది తెలిసే చేసిన" అని చివర రాసి సంతకం పెట్టాను. మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను.

సోమవారం పొద్దున నాలుగు గంటలకే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టలేదు. సాయిలత కండ్లు గుర్తొస్తున్నాయి. హన్మండ్లుకు చెప్పకుండా కాగితం చీర కొంగున కట్టుకుని బయలుదేరాను. ఆఫీసు గేటు దాకా పోయాను. లోపల బల్ల దగ్గర ఆ పిల్ల తల వంచి ఏదో రాసుకుంటూ కనబడింది. అప్పుడు నా ఫోను మోగింది.

కళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. దేవవ్వ ఏడుస్తూ నవ్వుతూ చెబుతోంది. పిల్లకు నెత్తినిండ వెంట్రుకలట, ముక్కు మాత్రం తాత ముక్కట, ఇస్త్రీపెట్టె లాగ. చెప్పి చెప్పి ఒక్కసారి గొంతు తగ్గించింది.

"అక్కా, పొయ్యి ఆరలే గదా?"

"ఆరలే. మీ ఆయన ఆరనిస్తడా."

"కదలనియ్యకు అక్కా. నీ కాళ్లు మొక్కుత."

నేను గేటు బయటి నుంచే వెనక్కి తిరిగాను. సాయిలత తల ఎత్తిందో లేదో చూడలేదు.

గురువారం వాన మొదలైంది. ముందు సన్నగా, పొలాలకు పనికొచ్చే వానలా. శుక్రవారం పొద్దుటికి మబ్బు కిందికి దిగి కూర్చుంది. పైచెరువు నిండి మత్తడి దూకిందన్నారు. వాగు పైన వెడల్పు చేసిన దగ్గర చూడడానికి జనం గొడుగులతో పోయారు. చూసి వచ్చినవాళ్లంతా ముచ్చటపడ్డారు. ఏటా నీళ్లెక్కే బజారులో ఈసారి చుక్క నీరు లేదట. వాగు తన జాగాలో తాను హాయిగా పరుచుకుని పోతోందట. ఈరవ్వ పాత ఇల్లు ఉన్నచోట రెండు కొంగలు దిగాయట.

మధ్యాహ్నం సాయిలత తడుస్తూ వచ్చింది. జాబితా మాట ఎత్తలేదు, కాగితం మాట అడగలేదు. ఇల్లు విడిచి పొమ్మని హన్మండ్లుకు చెప్పి, ఆయన చద్దరు, దిండు తానే మోసుకుని గల్లీ మీదున్న మా ఇంటికి తెచ్చిపెట్టింది. గడప దాటుతూ నా ముఖంలోకి ఒకసారి చూసింది. కాగితం అప్పటికి మళ్లీ బియ్యం డబ్బా కిందే ఉంది. ఇచ్చినా ఆ రోజు దానితో ఏం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

శుక్రవారం సాయంత్రం హన్మండ్లు పోయి పొయ్యిలో నిప్పు వేసి వచ్చాడు. పెరట్లోకి నీళ్లు వచ్చాయి కాని వంటింట్లోకి రాలేదన్నాడు. గోడ గట్టిదన్నాడు.

శనివారం పొద్దున వాన కొంచెం తెరిపి ఇచ్చింది. నేను పొయ్యి మీద చాయ్ పెట్టాను. ఆయన నా పొయ్యిలోంచే రెండు నిప్పు కణికలు పెంకు మీదికి ఎత్తుకుని, తడవకుండా పైన రేకు కప్పాడు. ఒద్దని చెప్పాలి. చెప్పాను కూడా, కాని ఎట్లా చెప్పాను? "జెర తెల్వి తెచ్చుకో, పొయ్యిలకు నీళ్లొచ్చి ఉంటయి" అన్నాను. బండ సంగతి మనిద్దరికీ తెలుసు గదా, వాగు గొంతు సంగతి ఆ పిల్ల చెప్పింది గదా అని అనలేదు. అంటే నేను రాసి ఇవ్వని కాగితం గురించి కూడా చెప్పాలి.

"అయిదు రోజుల పిల్ల వదినె," అన్నాడు, "తొమ్మిదన్న దాటనీ."

చాయ్ తాగి పొమ్మన్నాను. వచ్చి తాగుతానన్నాడు. రేకు కింద నుంచి సన్నగా పొగ వస్తుంటే గల్లీ దిగిపోయాడు.

నేను చాయ్ మీద మూత పెట్టాను. పావుగంట అయి ఉంటుంది. వాగు వైపు నుంచి, నిండు బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి పడేసినట్టు చప్పుడు వచ్చింది. గల్లీలో జనం ఉరకడం మొదలైంది. సాయిలత గొంతు వినబడింది, లోపల ఎవరైనా ఉన్నారా అని ఇల్లిల్లూ అడుగుతోంది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చింది. దేవవ్వ.

హన్మండ్లు తిరిగి రాలేదు. అది 2013 జులై 20, శనివారం, పొద్దున ఏడు దాటి పది నిమిషాలు.